మాట్లాడేవారికే ముల్లు తీయబడును

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఉడతకు నలభై ఇప్పగింజల ఆస్తి ఉండేది.

నలభయ్యేనా అని నవ్వకండి. ఆ ఈడు ఉడతలన్నీ పొద్దున దొరికింది పొద్దునే కొరికేసి, సాయంత్రం కొమ్మ మీద కూర్చుని గాలి మేసే రకం. తుర్రయ్య అలా కాదు. పది దొరికితే ఆరు తినేవాడు, మూడు దాచేవాడు, ఒకటి అప్పిచ్చేవాడు. ఆ అడవిలో ఇప్పగింజే నాణెం. గింజ కనబడితే చాలు, తుర్రయ్య తోకకు ముందు బుర్ర లేచేది.

"ఈ నలభైని వానలు వెళ్ళేసరికి నాలుగొందలు చేస్తాను, చూస్తూ ఉండక్కా" అనేవాడు.

"చేద్దువుగాని, ముందు మూతి తుడుచుకోరా, పప్పంతా అంటుకుంది" అనేది వాళ్ళక్క చుక్కమ్మ. తుర్రయ్యను కళ్ళు తెరవని నాటి నుంచీ పెంచింది ఆవిడే. మహా కష్టజీవి. ఒక్కటే లోపం, నోరు తెరిస్తే మూయడం తెలియదు. ఆవిడ పలకరిస్తే పక్కకొమ్మ చిలకలు కూడా పనుందని ఎగిరిపోయేవి.

అలాంటి చుక్కమ్మ కాలిలో ఒకరోజు తుమ్మముల్లు దిగింది. తుర్రయ్య పళ్ళతో పట్టి లాగాడు. పైముక్క వచ్చింది, మొన లోపలే ఉండిపోయింది. కాలు రేగిపండులా వాచింది.

చెట్టెక్కలేని ఉడత ఉడతే కాదు. వాళ్ళ ఇల్లు సెలయేటి ఒడ్డున ఉన్న మద్దిచెట్టు పైకొమ్మ మీద. ఇప్పుడు చుక్కమ్మ ఆ చెట్టు మొదట్లో, వేళ్ళ మధ్య తొర్రలో పడుకుంది. ఏటా తొలివాన పడగానే సెలయేరు ముందుగా వచ్చి పలకరించేది ఆ తొర్రనే. చీమలు అప్పటికే గుడ్లు నోట కరుచుకుని పైకి పోతున్నాయి.

అడవికంతటికీ డాక్టరు ఒక్కడే, వడ్రంగిపిట్ట. తుర్రయ్య పరుగెత్తాడు.

"వంద గింజలు" అన్నాడు డాక్టరు, ముక్కు తుడుచుకుంటూ.

"ముల్లు తీయడానికి వందా?"

"తీయడానికి పదే. ముల్లుందా అని చూడటానికి ముప్పై. ఉందని చెప్పడానికి ఇరవై. మిగతా నలభై, ఆ ముల్లు గురించి కొండచిలువ గారి బీమా సంఘంతో నేను వాదించుకోవడానికి."

"సంఘం ఊసెత్తకుండా చేతికి రొక్కం ఇచ్చేస్తే?"

"అప్పుడు నూట ఇరవై. సంఘం రేటు మీకెందుకు వస్తుంది?"

తుర్రయ్య అటునుంచి అటే కొండచిలువ దగ్గరికి పోయాడు. చుక్కమ్మ ఆ సంఘంలో ఎప్పటి నుంచో సభ్యురాలు. అమావాస్య అమావాస్యకు రెండు గింజలు కట్టడం ఒక్కసారి కూడా మానలేదు. కొండచిలువ ఓ పెద్ద గింజల గుట్టను చుట్టుకుని పడుకుని ఉంది. పైన బండ మీద పెద్ద అక్షరాలతో 'మీ క్షేమం, మా కౌగిలి' అని చెక్కి ఉంది. కొండచిలువ ఇప్పగింజలు తినదు. ఇప్పగింజల కోసం వచ్చేవాళ్ళను మాత్రం అప్పుడప్పుడూ తింటుందని చెప్పుకునేవారు.

"అయ్యయ్యో, ముల్లా!" అంది కొండచిలువ కళ్ళ నీళ్ళు పెట్టుకుని. "పాపం! అయితే నాయనా, ఆ ముల్లు ఎక్కడ పుట్టింది?"

"తుమ్మచెట్టు మీదండీ."

"ఆ తుమ్మచెట్టు మీ అక్క సంఘంలో చేరాక మొలిచిందా, చేరకముందే ఉందా?"

"చెట్టు మా తాతల నాటిదండీ."

"చూశావా! అంటే ఇది పాత జబ్బు. చేరకముందు నుంచీ ఉన్న జబ్బులకు మా సంఘం పూచీ పడదు. నియమం నాది కాదు నాయనా, నియమానిది. కాస్త దగ్గరికి రా, ఓదారుస్తాను."

తుర్రయ్య దగ్గరికి వెళ్ళలేదు. లెక్క వచ్చినవాడికి దూరం కూడా తెలుస్తుంది.

ఇంటికొచ్చి కొమ్మ మీద కూర్చుని తోకతో బెరడు మీద లెక్కలు గీశాడు. అడవిలో మూడు వందల కాపురాలు. తలా రెండు చొప్పున నెలకు ఆరు వందల గింజలు కొండచిలువ కిందకు పోతున్నాయి. డాక్టరు వంద అడుగుతాడు గనక నెలకు ఒక్క రోగికి మించి రాడు. అంటే డాక్టరు సంపాదనా వందే. అదే కాపురానికి ఒక్క గింజ చొప్పున అందరూ ఒకచోట వేస్తే? మూడు వందలు. డాక్టరుకు రెండు వందలు జీతం. ఇంకో వంద కరువు రోజులకు. ఎవరి కాలిలో ముల్లు దిగినా ఒక్క గింజ అడక్కుండా తీసేయాలి!

"అక్కా! అందరికీ సగం ఖర్చు, డాక్టరుకు రెట్టింపు రాబడి! దీన్ని కాదనేవాడు ఉంటాడా?"

"నాకు తెలియదురా, మన బాబాయి పెళ్ళిలో కూడా ఇలాగే అందరికీ లాభమే అన్నారు, పెళ్ళికూతురు మేనమామ ఉన్నాడు చూశావూ..." అంటూ చుక్కమ్మ మొదలుపెట్టింది. బాబాయి పెళ్ళి సంబంధం తెగేలోపే తుర్రయ్య సభకు చేరుకున్నాడు.

సభ జరిగేది సెలయేటి నడుమ ఉన్న చదును బండ మీద. తూర్పుగట్టు పార్టీకి నాయకుడు దండపాణి అనే అడవిదున్న. పడమటిగట్టు పార్టీకి నాయకుడు నీలాద్రి అనే నెమలి. అధ్యక్షుడు తాబేలు. చిక్కు ప్రశ్న వస్తే ఆయన తల డిప్పలోకి పోయేది, ప్రశ్న పోయాక బయటికొచ్చేది. ఎన్నికలప్పుడు దున్నకు పచ్చగడ్డీ, నెమలికి పురుగులూ కొండచిలువే సమకూర్చేదని అడవిలో అందరికీ తెలుసు, ఆ ఇద్దరికి తప్ప.

సభకు పాత ఆచారాలు కొన్ని ఉన్నాయి. ఆ సెలయేటి నీళ్ళు తాగే ఏ ప్రాణి అయినా బండెక్కి మాట్లాడవచ్చు. నిలబడ్డంతసేపూ మాట్లాడవచ్చు. ఆ మాట ముగిసేదాకా సభ ఇంకో పని ముట్టకూడదు. పూర్వం ఓ సభ్యుడు ఉపన్యాసం మధ్యలో సొమ్మసిల్లితే, ఆయన మాట పూర్తి కాలేదని సభ ఓ ఏడాది ఆగిపోయిందట. అప్పటి నుంచీ బండ మీద మాట్లాడేవారికి ఏ నొప్పి వచ్చినా డాక్టరు వెంటనే వాలి, ఉచితంగా చూడాలని కట్టుబాటు పెట్టారు.

తుర్రయ్య బండెక్కి గుక్క తిప్పుకోకుండా లెక్క చెప్పాడు.

"బాగుంది" అన్నాడు దున్న తీరిగ్గా నెమరు వేస్తూ. "నాకు చాలా నచ్చింది. దీనికి 'తూర్పుగట్టు ఆరోగ్య భరోసా' అని పేరు పెడదాం."

నెమలి అప్పటిదాకా తల ఊపుతున్నవాడల్లా పేరు వినగానే పురి విప్పాడు. "దుర్మార్గం! ముల్లు గుచ్చుకోవడం జీవుల సొంత విషయం. గుచ్చుకున్న ముల్లు ఉంచుకోవాలో తీయించుకోవాలో తూర్పుగట్టు చెబుతుందా?"

తాబేలు తల బయటపెట్టాడు. "నీలాద్రిగారూ, నిరుడు ఇదే పథకం మీరే తెచ్చారు కదండీ? అప్పుడు దండపాణిగారు 'పేదల నోటి గింజ లాగేస్తారా' అని కొమ్ములు విసిరారు. నా డిప్ప మీద గీత ఇంకా పోలేదు."

"అప్పుడది మాది, ఇప్పుడది వాళ్ళది" అన్నాడు నెమలి. "పథకం అదే కావచ్చు, వాసన వేరు."

తాబేలు తల లోపలికి పోయింది.

నెమలి సైగ చేయగానే ఏకపాదయ్య అనే కొంగ బండెక్కాడు. ఎవరు పిలిస్తే వాళ్ళ తరఫున మాట్లాడే కూలి వక్త అతను. తక్కిన జంతువులు కాళ్ళు నొప్పెట్టి దిగిపోతాయి. కొంగకు ఒంటికాలి మీద నిలబడటమే విశ్రాంతి. పథకం గురించి ఒక్క ముక్క మాట్లాడి, బురదలో రకాల గురించి చెప్పసాగాడు. నల్లబురద, ఎర్రబురద, జారేది, జారనిది. సూర్యుడు దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు. మధ్యలో ఒకసారి కొంగ కాలికి తిమ్మిరెక్కితే వడ్రంగిపిట్ట రివ్వున వాలి, ఆకుపసరు రాసి, మెల్లగా నొక్కి, "ఇప్పుడెలా ఉందండీ?" అని మర్యాదగా అడిగి వెళ్ళాడు.

చివరికి దున్నకే నిద్ర వచ్చింది. "సరే, తర్వాత చూద్దాం" అన్నాడు. పథకం మూలపడింది.

దిగులుగా తిరిగి వస్తున్న తుర్రయ్యకు పడమటిగట్టు మీద ఒక కుందేలు కనబడింది. మూడు కాళ్ళ మీద గెంతుతూ "నా కుంటు! నా హక్కు!" అని అరుస్తోంది.

"ఏం మామా, నీక్కూడా ముల్లేనా?"

"ఆఁ, రెండు నెలలైంది. ప్రాణం పోతోందనుకో."

"సంఘానికి ఎంత కడుతున్నావు?"

"రెండు గింజలు. పాత జబ్బన్నారు."

"మరి ఈ పథకంలో ఒక్క గింజకే తీస్తారుగా?"

"తీస్తే తీస్తారు. ఆ తూర్పువాళ్ళ పథకంతో నా కాలు బాగుపడటం కంటే కుంటడం నయం. మా నెమలిగారు ఏదైనా పెట్టమను, రేపే చేరతాను."

తుర్రయ్య తోక నిటారుగా లేచింది. నేరుగా నెమలి ఉన్న గుబురులోకి దూరాడు.

"అయ్యా, మీరు వేరే పథకం పెట్టాలి. పేరు 'తూర్పు పథక నివారణ పథకం'. కాపురానికి ఒక గింజ, డాక్టరుకు జీతం, ముల్లు ఉచితం."

"దీనికి ఆ దున్న ఒప్పుకుంటాడా?"

"చచ్చినా ఒప్పుకోడండీ."

"అయితే చాలా గొప్ప పథకం తమ్ముడూ!"

అక్కణ్ణించి దున్న దగ్గరికి పోయి, పడమటివాళ్ళు ముందుగా పథకం పెట్టేస్తున్నారని చెవిలో ఊదాడు. మర్నాడు రెండు పథకాలూ ఒకేసారి బండ మీదకు వచ్చాయి. వాళ్ళదాన్ని ఓడించడానికి వీళ్ళూ, వీళ్ళదాన్ని ఓడించడానికి వాళ్ళూ గొంతులు చించుకున్నారు. ఏది నెగ్గిందని అడిగితే తాబేలు డిప్పలోంచే "రెండూ" అన్నాడు. రెండు గట్ల మీదా డప్పులు మోగాయి. తుర్రయ్య ఎందుకైనా మంచిదని రెండు పథకాల్లోనూ ఒక్కో గింజ కట్టాడు. ముప్పై ఎనిమిది మిగిలాయి.

"అక్కా, లే! డాక్టరు దగ్గరికి పోదాం."

పోతే అక్కడ గింజల గుట్టలు రెండున్నాయి. రెంటినీ కలిపి చుట్టుకుని కొండచిలువ పడుకుని ఉంది.

తుర్రయ్య రెండు గుట్టలనూ మార్చి మార్చి చూశాడు.

"ఆశ్చర్యపోకు నాయనా. పథకం నడపడానికి అనుభవం ఉన్నవాళ్ళు కావాలని రెండు పార్టీలూ నన్నే అడిగాయి. అవతలి గట్టువాళ్ళకు మేలు జరగకుండా చెరో చిన్న సవరణ కూడా చేశాయి. తూర్పు పథకం రోగి పడుకున్న చోటును చూస్తుంది. మీ అక్క పడుకున్న వేళ్ళు పడమటిగట్టున ఉన్నాయి, కాబట్టి వర్తించదు. పడమటి పథకం ఇంటిని చూస్తుంది. మీ ఇల్లున్న కొమ్మ తూర్పుగట్టు మీదకు వంగింది, కాబట్టి అదీ వర్తించదు."

"ఏదో ఒకటి వర్తించే దారి లేదా?"

"ఎందుకు లేదు? మీ అక్క చెట్టెక్కి ఇంట్లో పడుకుంటే తూర్పు పథకం బ్రహ్మాండంగా వర్తిస్తుంది."

"చెట్టెక్కగలిగితే ముల్లు తీయడం దేనికండీ?"

"అదే కదా ఈ పథకంలోని అందం" అంది కొండచిలువ. "ఎక్కగలిగినవాళ్ళతో ఖర్చుండదు. పోయినసారి కాదన్నది నేను. ఈసారి నేను కాదనలేదు నాయనా, చట్టమే కాదంది."

పడమట ఉరిమింది. గాలిలో మట్టివాసన వచ్చింది. చుక్కమ్మను మళ్ళీ తొర్రలోకి చేర్చేసరికి, ఎగువన అప్పుడే వాన పడిందేమో, సెలయేరు తొర్ర గుమ్మం దాకా నాలుక చాపింది.

"నువ్వు దిగులు పడకురా" అంది చుక్కమ్మ. "నీళ్ళొస్తే రానీ. మన ముత్తవ్వకు కూడా ఇలాగే ముల్లు గుచ్చుకుంటే, అప్పుడు మన పక్కింట్లో ఓ తొండ ఉండేది, దాని పెద్దల్లుడు..."

తుర్రయ్య తల పట్టుకున్నాడు. "అక్కా, నీళ్ళు కాళ్ళ కిందకొచ్చాయి, తొండ అల్లుడెందుకే ఇప్పుడు? నీ మాటలు వినేసరికి..."

అని ఆగిపోయాడు. అతని కళ్ళ ముందు కొంగ కనబడింది. తిమ్మిరెక్కిన కాలు, ఆకుపసరు, 'ఇప్పుడెలా ఉందండీ' అన్న డాక్టరు గొంతు.

"అక్కా! ఆ అల్లుడి సంగతి ఇక్కడ కాదు, సభలో చెప్పు!"

చుక్కమ్మను వీపున వేసుకుని, జారుతూ లేస్తూ, ఆమెను బండ మీదకు చేర్చాడు. సభ్యులు ఏ పథకం ముందు నెగ్గిందన్న దాని మీద కొట్టుకుంటున్నారు. చుక్కమ్మ ఎప్పుడూ ఇంతమంది వినేవాళ్ళను చూసి ఎరగదు. మొహం వెలిగిపోయింది.

"అందరికీ దండాలు. మా ముత్తవ్వకు ఓసారి ముల్లు గుచ్చుకుంది. అప్పుడు మా పక్కింట్లో ఓ తొండ ఉండేది..." అని, గుక్క తిప్పుకుని, "అబ్బా, కాలు!" అంది.

"అధ్యక్షా!" అని కేక పెట్టాడు తుర్రయ్య. "బండ మీద మాట్లాడేవారికి నొప్పి!"

దున్న లేచాడు. "ఇదేం ఉపన్యాసం? విషయం మీద మాట్లాడాలి!"

"బురద మీద మాట్లాడితే లేని అభ్యంతరం తొండ మీద ఏమిటండీ?" అన్నాడు తుర్రయ్య.

సభంతా తాబేలు వంక చూసింది. తాబేలు తల లోపలికి లాక్కోబోయాడు. కానీ డిప్ప మీద నిరుటి కొమ్ము గీత చురుక్కుమంది కాబోలు, తల బయటే ఉంచాడు. "ఆచారం ఆచారమే. డాక్టర్ని పిలవండి."

వడ్రంగిపిట్ట రివ్వున వాలాడు. చూడటానికి ముప్పై లేదు, చెప్పడానికి ఇరవై లేదు. టక్కున ఒక పోటు, మొన బయటపడింది. "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు.

"హాయిగా ఉంది బాబూ. నువ్వు సందు చివర వడ్రంగుల పిల్లాడివి కదూ? మీ అమ్మ నేనూ..."

"అక్కా, అయిపోయింది, ఇక దిగు!"

"ఉండరా! తొండ అల్లుడి దగ్గరికి ఇంకా రానేలేదు."

ఆ అల్లుడి కథ పూర్తయ్యేసరికి చీకటి పడింది. ఆ రాత్రే తొలివాన దంచి కొట్టింది. తొర్ర నిండా నీళ్ళు నిండాయి. చుక్కమ్మ అప్పటికి పైకొమ్మ మీద కూర్చుని, పారిపోలేక తడుస్తున్న చిలకలకు సభ విశేషాలు చెబుతోంది.

మర్నాడు తెల్లారేసరికి బండ ముందు బారు తీరి ఉన్నారు. అందరికంటే ముందు కుందేలు.

"నీ హక్కు ఏమైంది మామా?" అన్నాడు తుర్రయ్య.

"హక్కు ఎక్కడికీ పోదురా అల్లుడూ. మాట్లాడే హక్కు ఉంది కదా, అది వాడుకుంటున్నాను" అంది కుందేలు. పైకెక్కి క్యారెట్లను పొగుడుతూ మొదలుపెట్టి, రెండో వాక్యంలో "అబ్బా" అంది.

కుందేలు దిగీ దిగకముందే అడవిపంది ఎక్కింది. పంది వెనక పునుగుపిల్లి. వడ్రంగిపిట్ట బండ పక్కనే గూడు కట్టుకున్నాడు.

రెండు గుట్టలు చుట్టుకున్న కొండచిలువకు విషయం తెలిసింది. ఆ మధ్యాహ్నం దున్నా నెమలీ ఒకే చెట్టు నీడన కనబడ్డారు. అడవి పుట్టాక మొదటిసారి రెండు పార్టీలూ ఒక్క మాట మీదకు వచ్చాయి: రోగులు సభలో మాట్లాడకూడదు. బిల్లు ఏకగ్రీవం. పెట్టడమే తరువాయి.

పెట్టాలంటే మాత్రం, బండ మీద ఉన్నవారి మాట ముగియాలి.

తుర్రయ్య బెరడు మీద మళ్ళీ లెక్క గీశాడు. పొద్దున ఢోకా లేదు, బారు పెద్దది. రాత్రి గుడ్లగూబ దంపతులు ఒకరి తర్వాత ఒకరు కీళ్ళనొప్పుల మీద మాట్లాడతామన్నారు. చిక్కంతా మిట్టమధ్యాహ్నమే. బండ కాలిపోతుంది, కుంటివాళ్ళు నిలబడలేరు. ఆ ఒక్క జాము బండ ఖాళీ అయితే బిల్లు నెగ్గినట్టే. ఆ జాము నిలబడగలిగినవాడు అడవిలో ఒక్కడే ఉన్నాడు.

"కొంగ మన పక్షాన మాట్లాడతాడంటావా?" అంది చుక్కమ్మ.

"అతనికి పక్షం లేదక్కా, కాలే ఉంది. పూటకు యాభై అడుగుతాడట."

"నీ దగ్గర ముప్పై ఎనిమిదేగా! నాలుగొందలు చేస్తానన్నావు?"

"అది వచ్చే ఏడు. ఇప్పుడు బేరమాడతాను. కాదంటే మిగతా పన్నెండుకూ బదులు నిన్ను పంపించి మాట్లాడిస్తానని బెదిరిస్తాను."

ముప్పై ఎనిమిది గింజలనూ ఆకులో మూటగట్టి నోట కరుచుకుని, కొంగ ఒంటికాలి మీద నిలబడ్డ మడుగు వైపు తుర్రుమన్నాడు.

నీతి: ముల్లు గుచ్చుకుంటే మూలగకండి, ఉపన్యాసం మొదలుపెట్టండి.